ఇద్దరిదీ కాని ప్రశ్న

కంట్లో చుక్కలు వేయించుకోవడమంటే అత్తగారికి చెడ్డ చిరాకు. "చుక్క పడేలోపల కన్ను దానంతటదే మూసుకుంటే నేనేం చెయ్యనమ్మాయ్" అని విసుక్కుంటూ తల వెనక్కి వాల్చేవారు. శుక్లం ఆపరేషనై ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య కాసేపు ఆగాలనీ, ఆ కాసేపూ కళ్ళు మూసుకునే ఉండాలనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఊరికే కళ్ళు మూసుకుని కూర్చోవడమంటే ఆవిడకి ఊపిరాడనట్టుండేది. అందుకని కోడలు ఆ వ్యవధిలో ఏదో ఒకటి చదివి వినిపించేది. పేపరు అయిపోయింది, వారపత్రిక అయిపోయింది. ఆ రోజు చేతికి దొరికింది తను రాస్తున్న వ్యాసమే.

ఆమె విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెబుతుంది. పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఉండే ఆధారాలన్నీ సరిచూడనిదే ఏ విద్యార్థి కాగితం మీదా సంతకం పెట్టదని పిల్లలు చాటుగా "ఫుట్‌నోట్ మేడం" అని పిలుస్తారు. ఆ సంగతి ఆమెకి తెలుసు, కోపమేమీ లేదు. ఆ పేరుకి రెండో అర్థం కూడా ఉందని వాళ్ళకి తట్టిందో లేదోనని మాత్రం అప్పుడప్పుడు అనుకునేది.

ఆ వ్యాసం ఆమె నెత్తిన పడ్డ తీరు కూడా చెప్పుకోవాలి. దేశదేశాల అర్థశాస్త్రవేత్తలు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. దానికి యాభయ్యేళ్ళు నిండుతున్నాయని ఒక పుస్తకం తేవాలనుకున్నారు. వేర్వేరు దేశాల పండితులు ఒకరితో ఒకరు ఎలా కలిసి పనిచేశారో ఆ చరిత్రంతా అందులో రావాలి. ఒక్కో అధ్యాయం రెండు దేశాల వాళ్ళు కలిసి రాయాలి. మొదటి అధ్యాయం ఎవరి గురించన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. ఆమె మామగారూ, పై దేశం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరూ కలిసి రాసిన పుస్తకంతోనే ఆ సంఘం పుట్టింది. మామగారు పోయి చాలా ఏళ్ళయింది, ఆ ప్రొఫెసరూ పోయాడు. శాఖాధిపతి ఆమెని గదికి పిలిచి, "ఇలాంటివి మీరైతే ఓపిగ్గా చేస్తారు మేడం. పైగా మీ మామగారి సంగతే కదా, ఇంట్లో పనే అనుకోండి" అన్నారు. ఎండలోనూ వానలోనూ మారని చిరునవ్వు ఆయనది. "పైన నా పేరుంటుంది, తర్వాత మీది. మన దగ్గర పద్ధతి మీకు తెలియంది కాదు."

ఇంట్లో పనే అనుకోమన్న మాట ఆమెకి బస్సు దిగేదాకా చెవిలోనే ఉండిపోయింది. ఇంట్లో పని అంటే ఆయన ఉద్దేశంలో తేలిక పని. ఎవరూ అడగని పని, చేస్తే కనపడకుండా, చెయ్యకపోతేనే కనపడే పని అని ఆయన అనుకుని ఉండరు. అనుకోకుండానే సరిగ్గా చెప్పారు.

ఎలా అప్పగించినా, ఆ పని ఆమెకి ఇష్టమైపోయింది. పాత సంచికలు తిరగేస్తుంటే ఒకప్పుడు పుస్తకానికి ఒక్కడే రచయిత ఉండేవాడు, తర్వాత ఇద్దరయ్యారు, ఇప్పుడు నాలుగు దేశాల నుంచి ఆరుగురి పేర్లు వరసగా కనిపిస్తున్నాయి. ఒక లెక్క మీద ఏదైనా సందేహమొస్తే ఓడ మీద కాగితం వెళ్ళి, ఓడ మీద జవాబొచ్చేసరికి సందేహమేమిటో మరిచిపోయేంత కాలం పట్టేదట. అంత దూరాన్ని ఎలా దాటారని అందరూ రాశారు. టెలిగ్రాములన్నారు, విమానాలన్నారు, సభలన్నారు. ఆ సభలకి వచ్చినవాళ్ళని స్టేషను నుంచి తీసుకొచ్చిందెవరో, వాళ్ళ చేతిరాత అర్థం చేసుకుని టైపు కొట్టిందెవరో, ఒకరి భాష ఇంకొకరికి చెప్పిందెవరో ఎవరూ రాయలేదు. కృతజ్ఞతల పేజీలో మాత్రం "నా భార్య ఓపికకు" అని ఉండేది. ఏ దేశం పుస్తకం తెరిచినా అదే మాట. సిద్ధాంతాల మీద కొట్టుకున్నవాళ్ళు కూడా భార్య ఓపిక దగ్గర ఏకాభిప్రాయానికి వచ్చారు.

ఆ ఉదయం ఆమె అత్తగారికి చదివి వినిపిస్తున్నది ఆ వ్యాసంలో తనకి బాగా నచ్చిన చోటు. మామగారి పుస్తకం రెండు భాషల్లో వచ్చింది. మన భాషలో వచ్చినదానికి మామగారు పీఠిక రాస్తూ, ఈ పుస్తకానికి ప్రాణంలాంటి ప్రశ్న నాది కాదు, నా మిత్రుడిది అన్నారు. మిత్రుడి భాషలో వచ్చినదానికి ఆ మిత్రుడు పీఠిక రాస్తూ, ఆ ప్రశ్న నాది కాదు, ఆయనదే అన్నాడు. ఎవరికి వారు ఎదుటివాడికే కట్టబెట్టారు. "పండితుల వినయానికి ఇంతకంటే గొప్ప ఉదాహరణ దొరకదు" అని ఆమె ఆ పేరా ముగించింది.

అత్తగారి భుజాలు కదిలాయి. ముందు దగ్గేమో అనుకుంది. కాదు, నవ్వు. కళ్ళు మూసుకునే, పెదాలు బిగబట్టుకుని నవ్వుతున్నారు. మూసిన రెప్పల చివరి నుంచి మందు బుగ్గ మీదకి జారింది.

"అత్తయ్యా, నవ్వకండి. మందంతా కారిపోతోంది."

"వినయమట!" అన్నారావిడ. "ఇద్దరూ నిజమే చెప్పారమ్మాయ్."

"ఇద్దరూ ఎలా నిజం చెప్తారు? ఒకరిదైతే రెండోవారిది కాదుగా."

"ఇద్దరిదీ కాదు కాబట్టి."

అత్తగారు కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి కొంగుతో బుగ్గ తుడుచుకుని, "రెండో చుక్క వెయ్యి, చెప్తాను. కళ్ళు మూసుకుని చెప్పడమే తేలిక" అన్నారు.

ఆ సంగతి ఇలా జరిగింది. పెళ్ళికి ముందు అత్తగారు ఆ పరాయి భాష చదువుకున్నారు. ఒక బళ్ళో కొన్నాళ్ళు ఆ భాష చెప్పారు కూడా. పెళ్ళయ్యాక మానేశారని ఇంట్లో అంటారు. మానిపించారని ఆవిడ అంటారు. ఆ ప్రొఫెసరు ఒక వేసవిలో వచ్చి వీళ్ళింట్లోనే దిగాడు. ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగు లేకుండా గడప దాటేవాడు కాదని ఇంట్లో పిల్లలు "గొడుగాయన" అనేవాళ్ళు. మామగారికి ఆయన భాష రాదు, ఆయనకి మామగారి భాష రాదు. ఇంగ్లీషు ఇద్దరికీ కాగితం మీద వచ్చు, నోట్లో రాదు. ఇంక మిగిలింది ఆవిడ.

"భోజనాల బల్ల దగ్గరే వాళ్ళ చర్చలన్నీ" అన్నారు అత్తగారు. "ఆయన మాట్లాడుతుంటే ఈయన నమిలేవారు. ఈయన మాట్లాడుతుంటే ఆయన నమిలేవాడు. ఇద్దరి మాటా చెప్పాల్సినదానికి ఇంక నమిలే వంతెప్పుడొస్తుంది? ఆ వేసవంతా నేను చల్లారిన అన్నమే తిన్నాను."

ఇద్దరూ కలిసి తేల్చాలనుకున్నది, జనం దాచుకునేదీ ఖర్చుపెట్టేదీ ఎలా నిర్ణయించుకుంటారనేది. ఇల్లు ఇంత దాచింది, ఇల్లు అంత ఖర్చుపెట్టింది, ఇల్లు ఇలా అనుకుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే మాట. సరిగ్గా ఆ రోజుల్లోనే పాత బడివాళ్ళు ఆవిడ కోసం కబురు పెట్టారు. ఆ భాష చెప్పే టీచరు వెళ్ళిపోయింది, మళ్ళీ వచ్చి పాఠాలు చెప్తావా అని. ఆవిడ ఆ సంగతి మామగారి చెవిన వేశారు. వాళ్ళమ్మతో మాట్లాడి వచ్చి ఆయన చెప్పిన జవాబు ఒక్క ముక్క: "ఇప్పుడొద్దని ఇంట్లో అనుకున్నాం."

"ఇంట్లో అనుకున్నారట!" అత్తగారి గొంతులో ఇప్పటికీ ఆశ్చర్యం తగ్గలేదు. "నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాగా. నేనెప్పుడనుకున్నానా అని ఆ పూటంతా వెతుక్కున్నాను. అది మనసులో మెదులుతుంటే మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ మామయ్య మళ్ళీ మొదలుపెట్టారు, ఇల్లు నిర్ణయిస్తుంది, ఇల్లు కోరుకుంటుంది అని. చెప్పు ఆయనకి అన్నారు. చెప్పాను. చెప్పి ఆగలేదు. ఇల్లంటే ఎవరు? అందులో నలుగురుంటే నలుగురికీ ఒకటే కోరికుంటుందా? భార్యకి వేరే ఉద్దేశముంటే అది మీ లెక్కలో ఎక్కడ పడుతుంది? ఇవి నా మాటలు. మీ మామయ్య మాటల వెనకాలే పెట్టేశాను. గొడుగాయన చేతిలో చెంచా కింద పెట్టేశాడు. ఈ మాట ఈయనే అన్నాడా అని అడిగాడు. అవునన్నాను."

"మరి మామయ్యగారు?"

"గొడుగాయన లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆ ప్రశ్ననే విడదీసి మాట్లాడటం మొదలెట్టాడు. అదంతా మీ మామయ్యకి చెప్పాను. ఆయన అది గొడుగాయనకి తట్టిందనుకున్నారు. ఎంత పెద్ద ప్రశ్న వేశాడో చూశావా, అందుకే వాళ్ళు వాళ్ళయ్యారు అని నాతోనే అన్నారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు కళ్ళార్పకుండా చూసుకుంటున్నారు. నేను వంటింట్లోకి పోయి కూర మాడుతోందేమో చూసుకున్నాను."

ఆ ఒక్కసారితో ఆగలేదు. ఆ వేసవంతా ఆవిడకి ఏం తట్టినా ఈయన నోట్లోనో ఆయన నోట్లోనో పెట్టేశారు. మొదట్లో ఆటలా ఉండేదట. తర్వాత తర్వాత పగలంతా పని చేసుకుంటూ మధ్యాహ్నం కోసం ఎదురుచూసేవారట. రైలెక్కేముందు గొడుగాయన ఆవిడ పక్కకి వచ్చి, మీ ఆయన రెండు ముక్కలు మాట్లాడితే మీ నోట్లోంచి పది వస్తున్నాయి, మా భాష అంత పొడుగని నాకిన్నాళ్ళూ తెలియదు అని గొడుగు ఊపి వెళ్ళిపోయాడట.

"అంటే ఆయనకి తెలుసు" అంది ఆమె.

"తెలిసే ఉంటుంది. తెలిసీ పీఠికలో మీ మామయ్య పేరే రాశాడు. నాకేమో వేళకింత వండిపెట్టి, మాటలు చేరవేసినందుకు కృతజ్ఞతలు." అత్తగారు ఇప్పుడు కళ్ళు తెరిచారు. "చేరవేసినందుకట. పోస్టుమాన్‌కి చెప్పినట్టు. అదీ పోనీలే అనుకున్నాను. నాకు కడుపు మండింది ఎక్కడో తెలుసా? ఆ పుస్తకం వచ్చాక మీ మామయ్య దేశదేశాలు తిరిగి, ఇంట్లో ప్రతి ఒక్కరి మాటా విడివిడిగా అడగాలని ఉపన్యాసాలిచ్చారు. ఇంటికొచ్చి ఏ రోజూ నన్ను నువ్వేమంటావని అడగలేదు."

ఆ రోజు క్లాసులో ఆమె ఏం చెప్పిందో ఆమెకే తెలియదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అత్తగారి గురించి తను ఇన్నాళ్ళూ ఏమనుకున్నదో ఒక్కొక్కటిగా తీసి చూసుకుంది. ఆవిడేమీ మెత్తని మనిషి కాదు. కాపురానికొచ్చిన కొత్తలో "పుస్తకం చేతిలో ఉంటే మా కోడలికి పొయ్యి మీద పాలు కనపడవు" అని వచ్చినవాళ్ళ ముందల్లా చెప్పి నవ్వించేవారు. థీసిస్ రాస్తున్నప్పుడు ఒకసారి ఆమె కాగితాలు బల్ల మీద నుంచి తీసి బీరువాలో పెట్టేసి, "ఇక్కడ రాసినవన్నీ చివరికి ఎవరివో అవుతాయి, ముందు అన్నం తిను" అన్నారు. అప్పుడది ఎత్తిపొడుపనుకుని లోపలికెళ్ళి ఏడ్చింది. ఇప్పుడు ఆ మాటనే మళ్ళీ వింటుంటే అందులో ఎత్తిపొడుపు వినపడలేదు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పే హెచ్చరికలా ఉంది. చెప్పడం చేతకాక అలా చెప్పారు. ఇక తన సంగతేమిటి? నాలుగు దేశాలు కలిసి చేస్తున్న పెద్ద పరిశోధనలో ఆమె పనికి "సమన్వయం" అని పేరు పెట్టారు. అంటే నలుగురి గడియారాలూ చూసి అందరికీ కుదిరే వేళ కనుక్కోవడం, ఒకరి కోపం ఇంకొకరికి తగలకుండా మెత్తబరిచి రాయడం, తప్పుల తడకలా వచ్చిన లెక్కల్ని కూర్చుని కడగడం. కడుగుతుంటే ఆమెకి ఏదైనా తట్టేది. సమావేశానికి ముందు శాఖాధిపతి చెవిన వేసేది. ఆయన "మేమిక్కడ ఏమనుకున్నామంటే" అని ఎత్తుకునేవారు. మేము! ఇంట్లో అనుకున్నాం లాంటి మాటే అదీ. ఆ "మేము"లో తనూ ఉంది కదా అని ఇన్నేళ్ళూ తృప్తిపడిందా, లేక తృప్తిపడ్డట్టు ఉంటే గొడవ ఉండదని ఊరుకుందా? స్టాపు దాటిపోయిందని కండక్టరు కేకేస్తే గానీ తెలియలేదు.

సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన విద్యుత్ శాఖలో ఇంజినీరు. చెడ్డవాడని ఎవరూ అనరు, ఆమె కూడా అనదు. విన్నాడు. విని, "అమ్మకి వయసు మీదపడింది. ఏదో కలగాపులగం చేసుకుని చెప్పుంటుంది. నువ్వు అది పట్టుకుని రాస్తే నాన్న పేరేం కావాలి?" అన్నాడు.

"కళ్ళకి చేశారు ఆపరేషన్. మతికి కాదు."

"సరే, నిజమే అనుకో. ఇప్పుడు రాయడం వల్ల ఎవరికి లాభం? నాన్న లేరు, ఆయనా లేడు. అమ్మకి మాత్రం ఈ వయసులో పేరు ఏం చేసుకోడానికి?"

నీ ప్రమోషన్ అప్పుడు పేరు ఏం చేసుకుంటారని ఎవరైనా అడిగారా అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడగకపోయినందుకు తన మీద తనకే చిరాకేసింది.

శాఖాధిపతి అంతకంటే మర్యాదగా మాట్లాడారు. "చాలా హృద్యంగా ఉంది మేడం. కానీ ఆధారం ఏదీ? ఒక పెద్దావిడ జ్ఞాపకం. దాన్ని సిద్ధాంత చరిత్ర అనలేం కదా. కావాలంటే కింద ఫుట్‌నోట్‌లో అమ్మగారి సేవలు అని రెండు వాక్యాలు వేద్దాం." ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఉదారత తొణికిసలాడింది.

అధ్యాయంలో రెండో సగం రాయాల్సింది అవతలి దేశంలో ఒక ప్రొఫెసరు, గొడుగాయన దగ్గర చదువుకున్న శిష్యురాలు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి, నవ్వు తక్కువ. ఇద్దరూ ఇద్దరికీ సొంతం కాని ఇంగ్లీషులో కంప్యూటర్ తెర మీద మాట్లాడుకునేవాళ్ళు. సంగతంతా విని ఆవిడ నమ్మలేదు, కాదనలేదు. "నేను ఆవిడతో నేరుగా మాట్లాడొచ్చా?" అని మాత్రం అడిగింది.

ఆదివారం పొద్దున్న అత్తగారు ఉతికిన చీర కట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఆ భాష మాట్లాడి ఎన్నేళ్ళయిందో. మొదట ఒక్కో మాటా తడుముకున్నారు. చీకటి గదిలో స్విచ్చి కోసం గోడంతా తడుముతారే, అలా. తర్వాత ఎక్కడో ఒక మాట దొరికింది, దాని వెనక ఇంకోటి దొరికింది, ఇంక ఆగలేదు. గొంతే మారిపోయింది. ఎప్పుడూ లేనిది చేతులు తిప్పుతూ మాట్లాడుతున్నారు. తెరలో ఆ నవ్వని మనిషి నవ్వుతోంది. పక్కన కూర్చున్న ఆమెకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు.

"ఏమంటోందత్తయ్యా?"

"ఉండమ్మాయ్. మా మాటలు అవ్వనీ, చెప్తాను."

ఆ మాటకి ఆమెకి కోపం రాలేదు సరికదా, ఎందుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపు దగ్గర అలికిడైతే చూసింది. భర్త నిలబడి ఉన్నాడు, చేతిలో పేపరు మడతతో. అమ్మకి ఆ భాష వచ్చని ఆయనకి తెలుసు. ఆ భాషలో అమ్మ ఇలా ఉంటుందని తెలియదు.

ఉన్నట్టుండి తెరలో ఆవిడ ఒక ప్రశ్న వేసింది. అత్తగారు సిగ్గుపడ్డట్టు నవ్వి ఏదో చెప్పారు. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. తేరుకుని కోడలి వైపు తిరిగి ఇంగ్లీషులో వివరించింది. వాళ్ళ భాషలో వచ్చిన పుస్తకంలో "కుటుంబం" అనాల్సిన చోటల్లా "పొయ్యి" అని ఉంటుందట. ఆ పొయ్యి ఇంత దాచింది, ఈ పొయ్యి దగ్గర ఇద్దరికి రెండు అభిప్రాయాలున్నాయి, ఇలా. అలా అనడం ఆ భాషలో ఎక్కడా లేదు. గురువుగారు కవిత్వంగా వాడారనుకుని శిష్యులందరూ తరతరాలుగా అదే మాట వాడుతున్నారు. దాని మీద వ్యాసాలు కూడా రాశారు.

"కవిత్వమూ కాదు, ఏమీ కాదు" అన్నారు అత్తగారు ఇటు తిరిగి. "ఇంటివాళ్ళందరినీ కలిపి ఏమంటారో నేను చదివిన పాఠాల్లో లేదు. అవతల ఆయన మొహంలోకి చూస్తున్నాడాయె. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు కదా అని పొయ్యి అనేశాను. ఆయన ఎంత బాగా అన్నాడు మీ ఆయన అని మురిసిపోయాడు. తప్పని చెప్తే బాగుండదని ఊరుకున్నాను."

తెరలో ఆవిడ నెమ్మదిగా అంది: "మా భాషలో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మా భాష రానివాళ్ళెవరూ అనలేరు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో ఇంక ఎవరు మిగిలారు?"

ఆమె ఆ వాక్యాన్ని అత్తగారికి మన భాషలో చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ భర్త కూడా విన్నాడు. కాసేపటికి లోపలికి వచ్చి, "రాస్తే రాశారు గానీ, నాన్న పేరు మాత్రం తీసెయ్యకండమ్మా" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"ఎందుకు తీస్తాం? లెక్కలన్నీ ఆయనే కట్టారు, రాత్రింబవళ్ళు కూర్చుని. ఆయన పని ఆయనదే" అన్నారు అత్తగారు. "నా పేరు పడాలంటే ఆయన పేరు తియ్యాలా? అంత ఇరుగ్గా ఉందా ఏమిటి ఆ పుస్తకం?" తర్వాత కోడలి వైపు తిరిగి, "నన్ను మాత్రం త్యాగమూర్తినీ మహాతల్లినీ చెయ్యకు. ఒళ్ళు మండుతుంది. ప్రశ్న వేసింది ఈవిడ అని రాయి. చాలు" అన్నారు.

మర్నాడు ఆమె శాఖాధిపతి గదికి వెళ్ళింది. పొయ్యి సంగతి చెప్పింది. ఆయన తల పంకించి, ఆసక్తిగానే ఉంది గానీ తనకింకా నమ్మకం కుదరలేదన్నారు. ఆమె ఆ జవాబు కోసమే వచ్చినట్టు కుర్చీలో కాస్త ముందుకి జరిగింది.

"అందుకే సార్, మీకు ఇబ్బంది కలిగించడం నాకిష్టం లేదు. మీరు నమ్మని విషయం మీ పేరుతో అచ్చవడం బాగుండదు. అధ్యాయం అవతలి ప్రొఫెసరు పేరుతోనూ నా పేరుతోనూ పంపేస్తున్నాను."

ఆయన చిరునవ్వు మొదటిసారి కాస్త ఒంకర పోయింది. "పద్ధతి అంటూ ఒకటుంది కదా మేడం."

"ఉంది సార్. రాసినవాళ్ళ పేరు వెయ్యడం."

గది బయటికి వచ్చింది. రేపటి నుంచి ఈ శాఖలో తనకి ఏ తలనొప్పులు పెడతారో ఆమెకి తెలుసు. ఏ క్లాసులు ఏ వేళకి పడతాయో, ఏ సెలవు ఎందుకు దొరకదో కూడా ఊహించుకోగలదు. తెలిసే మెట్లు దిగి వెళ్ళి, అధ్యాయం పంపించేసింది.

సంఘం వాళ్ళ దగ్గర కొన్నాళ్ళు వాదోపవాదాలు నడిచాయి. ఒకరిద్దరు పాతకాలం పండితులు అలిగారు. అవతలి ప్రొఫెసరు పొయ్యి మీద ఒక పేజీకి పేజీ రాసి వాళ్ళ నోళ్ళు మూయించింది. చివరికి మార్పేమీ లేకుండానే ఒప్పుకున్నారు. అచ్చుకి వెళ్ళే ప్రతి వచ్చేసరికి అత్తగారికి కొత్త కళ్ళజోడు కూడా వచ్చింది. ఇప్పుడు చదివి వినిపించక్కర్లేదు. వసారాలో కుర్చీ వేసుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా ఆవిడే చదువుకున్నారు. ఆమె ఎదురుగా కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తూ ఆవిడ ముఖాన్నే చూస్తోంది. బాగుందంటారేమో, కళ్ళు చెమరుస్తాయేమో అని చూసింది. అదేం లేదు. చదవడం పూర్తయ్యాక కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇందులో ఒకటి తక్కువైంది" అన్నారు.

"ఏదైనా మరిచిపోయానా అత్తయ్యా?"

"నువ్వు కాదు. వాళ్ళు. ఆ పుస్తకంలోనే. ఇంట్లో అందరినీ విడివిడిగా అడగండి అన్నారా, బాగుంది. అడిగితే నోరు విప్పనివాళ్ళు కూడా ఉంటారు కదా? వాళ్ళనేం చేశారో చూశావా? ఒప్పుకున్నవాళ్ళ లెక్కలో వేసేశారు. ఊరుకున్నవాళ్ళంతా ఒప్పుకున్నట్టేనా అని నాకు అప్పుడే అనిపించింది. ఈలోగా గొడుగాయన రైలెక్కేశాడు. ఇంక ఆ ప్రశ్న పెట్టడానికి నాకు నోరు దొరకలేదు."

ఆమె ఇన్నేళ్ళుగా ఆ పుస్తకం పాఠంగా చెబుతోంది. ఆ లెక్కలు ఎన్నిసార్లు బోర్డు మీద వేసిందో. ఊరుకున్నవాళ్ళు ఏ గడిలో పడుతున్నారో ఒక్కసారీ ఆగి చూడలేదు. తనే ఆ గడిలో ఉండి కూడా చూడలేదు. గబగబా చేతులు తుడుచుకుని లోపలికెళ్ళి కాగితాలూ పెన్నూ తెచ్చుకుంది.

"చెప్పండి అత్తయ్యా. రాసుకుంటాను."

"రాసుకోడానికి నువ్వెందుకు? చేరవేసేవాళ్ళ గతి నేను చూడలేదా, పడలేదా? పెన్ను కింద పెట్టు." అత్తగారు కుర్చీలోంచి ముందుకు వంగారు. "ఊరుకోవడం గురించి నాకంటే నీకేం తక్కువ తెలుసు? ముందు నువ్వేమంటావో చెప్పు."

ఆ ఇంట్లో ఆ మాట ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు. అడుగుతారని అనుకోనూ లేదు. లోపల్నుంచి భర్త టీ సంగతేమైందని కేకేశాడు. ఆమె లేవలేదు. ఒళ్ళోని గిన్నె తీసి పక్కన పెట్టింది. అత్తగారు ఎంతసేపైనా సరే అన్నట్టు చూస్తున్నారు.

"నేను ఒప్పుకోలేదత్తయ్యా" అంది ఆమె. "ఏ ఒక్కసారీ ఒప్పుకోలేదు."